కోరస్‌ను కోసేయకండి

రంగస్థలం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో గ్రీకు విషాద నాటకం మీద రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కోరస్ గురించే ఉన్నాయి. మాస్కులు పెట్టుకుని పాడుతూ ఆడే ఆ గుంపు ఎందుకు, ఎవరు, ఏం చేసేది అని అడిగారు. ఈసారి పేజీ అంతా దానికే ఇస్తున్నాను. కింద రాసిన ఏళ్ళన్నీ క్రీస్తుపూర్వంవే.

ప్రశ్న: మా కాలేజీలో 'యాంటిగొనీ' వేస్తున్నాం. కోరస్‌ను పూర్తిగా తీసేస్తే నాటకం గంటలో అయిపోతుంది, కథకు నష్టమేమీ ఉండదు అంటున్నారు మా డైరెక్టర్. మీరేమంటారు? (డిగ్రీ విద్యార్థిని)

తీసేయకండమ్మా. కథకు నష్టం లేదనడం అసలు నిజం కాదు. నాటకం చేతిలోకి తీసుకుని, కోరస్ నాయకుడి మాటలు ఒక్కొక్కటే కొట్టేస్తూ చదవండి. ఎక్కడ ఆగిపోతారో మీకే తెలుస్తుంది.

థీబ్స్ నగరంలో అన్నదమ్ములిద్దరూ యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్నారు. కొత్త రాజు క్రెయాన్ ఒకడికి అంత్యక్రియలు చేయించి, రెండోవాడి శవాన్ని ఎవరూ ముట్టకూడదని ఆజ్ఞ వేశాడు. తోబుట్టువు యాంటిగొనీ వెళ్ళి ఆ శవం మీద మట్టి చల్లింది. పట్టుబడింది. కోపంతో ఊగిపోతున్న క్రెయాన్ ఆమెతోపాటు ఆమె సోదరి ఇస్మేనీని కూడా చంపేస్తానంటాడు. అప్పుడు కోరస్ నాయకుడు ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: ఇద్దరినీ చంపాలనే అనుకుంటున్నారా? క్రెయాన్ తమాయించుకుంటాడు. శవాన్ని ముట్టనిదాన్ని వదిలేస్తాను, బాగా చెప్పావు అంటాడు. ఇస్మేనీ ప్రాణం ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడింది. యాంటిగొనీని మాత్రం బతికుండగానే గుహలో మూసేయిస్తాడు. మీ డైరెక్టర్‌గారి ప్రదర్శనలో ఆ ప్రశ్న ఎవరు వేస్తారు?

చివర్లో ఇంకా పెద్దది ఉంది. జోస్యుడు టైరీసియస్ శాపంలాంటి మాటలు చెప్పి వెళ్ళిపోయాక క్రెయాన్‌కు మొదటిసారి భయం వేస్తుంది. ఏం చెయ్యాలో చెప్పండి, వింటాను అని కోరస్‌ను అడుగుతాడు. నాయకుడు స్పష్టంగా చెబుతాడు: ముందు వెళ్ళి ఆ పిల్లను గుహలోంచి విడిపించండి, తర్వాత చనిపోయినవాడికి సమాధి కట్టండి. క్రెయాన్ బయల్దేరతాడు. కానీ ముందు శవం దగ్గరికి వెళ్ళి, దహనం చేసి, మట్టి పోసి, ఆ తర్వాత గుహకు వెళతాడు. అప్పటికి యాంటిగొనీ ఉరి వేసుకుంది. క్రెయాన్ ఆ వరసను తారుమారు చేశాడని ప్రేక్షకుడికి తెలిసేది కోరస్ ముందే వరస చెప్పింది కాబట్టే.

మరో సంగతి. యాంటిగొనీ రాజు ముఖం మీదే అంటుంది: ఇక్కడున్న వాళ్ళందరికీ నేను చేసింది నచ్చింది, భయంతో నోళ్ళు మూసుకున్నారు అని. ఆమె చూపిస్తున్నది కోరస్‌లోని పదిహేను మంది ఊరి పెద్దలనే. వాళ్ళు అక్కడ నిలబడి ఉంటేనే ఆ మాట తగులుతుంది. వాళ్ళు ఎప్పుడు నోరు విప్పుతారు, విప్పేసరికి ఎంత ఆలస్యమైపోతుంది అన్నదే నా దృష్టిలో ఈ నాటకం. వాళ్ళను తీసేస్తే మేనమామకూ మేనకోడలికీ జరిగిన ఇంటి గొడవ మిగులుతుంది. టైమ్ చాలకపోతే పాటలు కుదించుకోండి, మనుషుల్ని మాత్రం తీసేయకండి.

ప్రశ్న: కోరస్ అంటే మన నాటకాల్లో సూత్రధారి లాంటిదేనా? (రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయులు)

కాదండీ. సూత్రధారికి కథ తెలుసు. కోరస్‌కు తెలియదు. వాళ్ళు ఆ ఊళ్ళో ఉండే మనుషులు, తర్వాత ఏం జరుగుతుందో అని మనతోపాటే భయపడుతుంటారు. తప్పుగా ఊహిస్తారు, తొందరపడి సంతోషిస్తారు. అదే 'యాంటిగొనీ'లో క్రెయాన్ గుహకు బయల్దేరగానే, ఇక అంతా సర్దుకుంటుందన్నట్టు డయొనైసస్ దేవుణ్ణి పిలుస్తూ ఉత్సాహంగా పాడతారు. పాట ముగిసీ ముగియగానే చావు కబురు వస్తుంది.

ప్రశ్న: మాస్కు పెట్టుకుంటే ముఖంలో భావం కనిపించదు కదా? గొంతు దూరం వినిపించడానికే అవి పెట్టుకునేవారని ఎక్కడో చదివాను. నిజమేనా? (నాటక పరిషత్తు సభ్యులు)

గొంతు పెంచే సాధనం అన్నది పాత ఊహ. నోరు బార్లా తెరుచుకుని, నుదుటి పైన జుట్టు గోపురంలా లేచి ఉండే మాస్కుల బొమ్మలు మీరు చూసే ఉంటారు. అవి తర్వాతి కాలానివి, హెలెనిస్టిక్ (అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు), రోమన్ రోజులవి. 5వ శతాబ్దపు ఏథెన్స్ కుండల మీద కనిపించేవి మామూలు మనిషి ముఖంలాగే ఉంటాయి, నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది. బట్టను జిగురుతో బిగదీసి చేసిన తేలికపాటి వస్తువు అది. తలంతా కప్పేది, జుట్టు కూడా దానికే అతికి ఉండేది. అలాంటిది నేలలో నిలవదు కాబట్టి ఒక్కటీ మిగల్లేదు. మ్యూజియాల్లో కనిపించేవి మట్టితోనో రాతితోనో చేసిన నమూనాలు.

నేపుల్స్ మ్యూజియంలో ప్రొనొమొస్ కుండ అని ఒకటి ఉంది. 400 ప్రాంతంది. దాని మీద సాటిర్ నాటకం ఆడే కోరస్ కుర్రాళ్ళ బొమ్మలున్నాయి. సాటిర్లంటే గుర్రపు తోక, మొద్దు ముక్కు ఉన్న అడవి జీవులు. కుర్రాళ్ళు మాస్కులు చేతుల్లో పట్టుకుని తీరిగ్గా నిలబడి ఉంటారు. ఒక్కడు మాత్రం మాస్కు తొడుక్కున్నాడు. వాడు అప్పటికే గంతు వేస్తున్నాడు! మాస్కు గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ ఒక్క బొమ్మ నాకు ఎక్కువ చెప్పింది. మాస్కు లేనివాడు ఏథెన్స్ కుర్రాడు. తల మీదికి దించుకున్న క్షణం నుంచి ఒళ్ళు వాడి మాట వినదు.

భావం సంగతి. నేను నటన నేర్పేటప్పుడు విద్యార్థులతో మాస్కు పని చేయిస్తాను. మొదటిరోజు అందరూ అడిగేది మీరు అడిగిందే. కాసేపటికి జరిగేది ఏమిటంటే, ముఖం దాగింది కాబట్టి భావం మెడలోకి, భుజాల్లోకి, అడుగులోకి దిగుతుంది. తల రెండు వేళ్ళ మందం కిందికి వంచితే అదే మాస్కు దిగులుగా కనిపిస్తుంది, పైకెత్తితే తెగువగా. ఇంకొకటి, మాస్కులో పక్కచూపు పోతుంది. పక్కవాడు ఎప్పుడు కదులుతాడో కంటికి తెలియదు, వాడి ఊపిరి వినాలి. పదిహేను మంది అలా ఒకరి ఊపిరి ఒకరు వింటూ కదిలితే చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. ఒకే రకం మాస్కులు, ఒకే రకం దుస్తులు, ఒకే మాట. అందరూ కలిసి ఒక మనిషి అయిపోతారు. ఆ ఒక్కడు ఎప్పుడైనా ముక్కలైతే ఆ దెబ్బ మామూలుగా ఉండదు. కిందటి నెల ఉత్తరంలో ఒకరు 'మెడియా' గురించి అడిగారు, ఆ సంగతి అక్కడ చెబుతాను.

ప్రశ్న: కోరస్‌లో ఆడినవాళ్ళు జీతం తీసుకునే కళాకారులా? ఖర్చు ఎవరు పెట్టేవారు? (బ్యాంకు ఉద్యోగి)

నటులు వేరు, కోరస్ వేరు. కోరస్‌లో ఆడేది ఏథెన్స్ పౌరులు, అందరూ మగవాళ్ళే. నాటక పోటీలు వసంతకాలంలో డయొనైసస్ పండుగకు, అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలున జరిగేవి. కవి ముందుగా నగర అధికారి దగ్గరికి వెళ్ళి కోరస్ ఇమ్మని అడగాలి. ఆయన ఒప్పుకుంటే ఒక ధనవంతుడికి ఆ కోరస్ బాధ్యత అప్పగిస్తారు. శిక్షణ, తిండి, దుస్తులు, మాస్కులు అన్నీ ఆయన ఖర్చే. దానం కాదు, నగరానికి చెల్లించాల్సిన బాధ్యత. 472లో ఈస్కిలస్ 'పర్షియన్లు' నాటకానికి ఖర్చు భరించింది తర్వాత ఏథెన్స్‌కు పెద్ద నాయకుడైన పెరిక్లీస్, అప్పటికింకా ఇరవైల్లో ఉన్న కుర్రాడు.

డబ్బు లెక్క కావాలంటే ఒకటి దొరుకుతుంది. లైసియాస్ రాసిన కోర్టు ప్రసంగంలో ఒకాయన తన ఖర్చులు ఏకరువు పెడతాడు: విషాద నాటకం కోరస్‌కు 30 మినాలు, అంటే 3,000 డ్రాక్మాలు. ఇది 410 ప్రాంతం మాట. ఆ రోజుల్లోనే అక్రోపొలిస్ మీద ఎరెక్తియాన్ గుడి కడుతున్న పనివాడికి రోజుకు ఒక డ్రాక్మా ఇచ్చినట్టు రాతి మీద చెక్కిన లెక్కలున్నాయి. ఒక్క కోరస్ ఖర్చు ఆ పనివాడి ఎనిమిదేళ్ళ కూలి అన్నమాట.

ఈస్కిలస్ రోజుల్లో 12 మంది, సొఫొక్లీస్ దాన్ని 15 చేశాడు అని ప్రాచీనులు రాశారు. ఒక కవి మూడు విషాద నాటకాలూ ఒక సాటిర్ నాటకమూ వరసగా ఆడించేవాడు. నాలుగింటిలోనూ అదే కోరస్ ఆడేదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే 458లో ఈస్కిలస్ 'ఒరెస్టియా' వేసినప్పుడు అవే ఒళ్ళు ముందు ఆర్గోస్ ముసలివాళ్ళు, తర్వాత బానిస స్త్రీలు, ఆ తర్వాత పగతీర్చే దేవతలు, ఆఖరికి సాటిర్లు. మాస్కు మార్చుకోవడం తప్ప విశ్రాంతి లేదు. పాడుతూ, ఆడుతూ! ఏ సైన్య శిక్షణకూ తీసిపోదు.

చాలాసార్లు కవే వాళ్ళకు పాట నేర్పేవాడు. యూరిపిడీస్ ఒక పాట నేర్పుతుంటే కోరస్‌లో ఒకడు నవ్వాడట. నీకు బుద్ధీ జ్ఞానమూ ఉంటే నేను ఈ శోకరాగం పాడుతుంటే నవ్వవు అన్నాడట యూరిపిడీస్. జీవితచరిత్రలు రాసిన ప్రాచీన రచయిత ప్లూటార్క్ చెప్పిన ఈ కథ చదివినప్పుడల్లా రిహార్సల్స్‌లో పడే టెన్షన్ రెండున్నర వేల ఏళ్ళుగా అదే అనిపిస్తుంది.

ప్రశ్న: 'మెడియా'లో పిల్లలను చంపుతున్నప్పుడు కోరస్ ఆడవాళ్ళు అంతమంది అక్కడే ఉండి ఎందుకు ఆపరు? చదువుతుంటే వాళ్ళ మీద కోపం వచ్చింది. (గృహిణి)

ఆ కోపం రావాలనే యూరిపిడీస్ అలా రాశాడని నా నమ్మకం.

వాళ్ళు కొరింథ్ నగరపు స్త్రీలు. భర్త వదిలేసిన మెడియా మొదట్లోనే వాళ్ళను ఒక మాట అడుగుతుంది: నేను పగ తీర్చుకునే దారి దొరికితే మీరు మౌనంగా ఉండండి. సరే అంటారు. అప్పటికి ఆమె తన పిల్లలనే చంపబోతుందని ఎవరికీ తెలియదు. తెలిశాక వద్దని బతిమాలతారు, నీ చేతులు ఎలా వస్తాయి అని పాడతారు. కానీ ఇచ్చిన మాట దాటరు. లోపలినుంచి పిల్లల కేకలు వినిపిస్తాయి. లోపలికి వెళ్ళనా, పిల్లల్ని కాపాడాలి అంటారు. లోపలి పిల్లలు, అవును, కాపాడండి, కత్తి మీదికి వస్తోంది అంటారు. అయినా కదలరు. ఆ రెండు మూడు పంక్తుల దగ్గర ఎంతసేపు ఆగాలో ప్రతి డైరెక్టరూ తేల్చుకోవాలి.

కోరస్ ఇంట్లోకి వెళ్ళకూడదన్నది రంగస్థల సంప్రదాయం కాబట్టి వెళ్ళలేదు అని కొందరు తేలిగ్గా చెప్పేస్తారు. సంప్రదాయం ఉన్నమాట నిజమే, కానీ అవసరమైతే కవులు దాన్ని దాటారు. సొఫొక్లీస్ 'అజాక్స్'లో నావికుల కోరస్ రెండుగా విడిపోయి, కనిపించకుండా పోయిన నాయకుణ్ణి వెతకడానికి చెరోవైపు బయటికి వెళ్ళిపోతుంది. రంగస్థలం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోనే అజాక్స్ ఒంటరిగా కత్తి మీద పడి ప్రాణం తీసుకుంటాడు. కోరస్‌ను బయటికి పంపడం తెలిసిన కాలంలోనే యూరిపిడీస్ తన కోరస్‌ను గుమ్మం బయట నిలబెట్టేశాడు.

ఈస్కిలస్ 'అగమెమ్నాన్'లోనూ ఇలాంటి చోటు ఉంది. రాజు లోపల నరికివేతకు గురై అరుస్తాడు. బయట ఆర్గోస్ పెద్దలు. అప్పటిదాకా ఒకే గొంతుతో పాడినవాళ్ళు ఉన్నట్టుండి విడిపోతారు. ఒకడు ఊరిని పిలుద్దాం అంటాడు, ఇంకొకడు ఇప్పుడే లోపలికి దూరుదాం అంటాడు, మరొకడు ఏం జరిగిందో తెలియకుండా ఎలా అంటాడు. ఒక్కొక్కరికి రెండేసి పంక్తులు. తలుపులు తెరుచుకుంటాయి, అంతా అయిపోయి ఉంటుంది. ఒకటైన గుంపు ముక్కలు కావడం అంటే ఇదే. ఆ గొంతులన్నీ ఒకేలాంటి మాస్కుల్లోంచి వస్తున్నాయని ఊహించుకుని చదవండి. ఏ మాస్కు ఏ మాట అందో కూడా తెలియదు. ఎవరు పిరికివాడో, ఎవరు ధైర్యవంతుడో చెప్పలేం. నాకు తెలిసి, సాయం చేయాలనుకునీ చేయలేకపోయే జనాన్ని ఇంత నిజంగా చూపించిన చోటు రంగస్థలం మీద ఇంకొకటి లేదు.

431లో 'మెడియా'కు పోటీలో మూడో బహుమతి, అంటే ఆఖరి స్థానం వచ్చింది. మీలాగే చాలామందికి కోపం వచ్చిందేమో.

ప్రశ్న: ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కనివ్వని నగరంలో మగవాళ్ళు మాస్కులు పెట్టుకుని ఆడవాళ్ళ కన్నీళ్ళు పాడటం బూటకం కాదా? (పరిశోధక విద్యార్థిని)

మీ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ అన్యాయాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కానీ ఒక లెక్క చూడండి. మనకు మిగిలిన విషాద నాటకాలు 32. వాటిలో 21 నాటకాల్లో కోరస్ స్త్రీలదే. అందులో ఎంతోమంది బానిసలు, యుద్ధంలో పట్టుబడ్డవాళ్ళు, పరాయి దేశాలవాళ్ళు. మిగతావాటిలో ముసలివాళ్ళు ఎక్కువ. నగరసభలో ఓటు ఉన్న మగవాళ్ళు, నెలల తరబడి తర్ఫీదు పొంది, ఏ ఓటూ లేని మనుషుల గొంతును తమ ఒంట్లోకి తెచ్చుకున్నారు.

416లో ఏథెన్స్ సైన్యం మెలోస్ అనే చిన్న దీవిని ముట్టడించింది. ఆ చలికాలంలో దీవి లొంగిపోయింది. పట్టుబడ్డ వయసొచ్చిన మగవాళ్ళను చంపేశారు, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. తర్వాతి వసంతంలో, 415 పండుగలో, యూరిపిడీస్ 'ట్రాయ్ స్త్రీలు' వేశాడు. భర్తలు చచ్చిపోయి, ఏ ఓడ ఎక్కించి ఎవరికి బానిసగా పంపుతారో తెలియక ఎదురుచూసే ఆడవాళ్ళే ఆ కోరస్. ఆడినవాళ్ళు ఏథెన్స్ పౌరులు. మెలోస్‌ను మనసులో పెట్టుకునే రాశాడా లేదా అని పండితులు వాదించుకుంటారు. నాకు ఆ వాదన కంటే ముఖ్యమైంది ఆ మధ్యాహ్నం. కొన్ని నెలల క్రితం సభలో ఆ శిక్షకు చెయ్యెత్తి ఉండగలిగినవాళ్ళు బానిస స్త్రీ మాస్కు పెట్టుకుని, చెయ్యెత్తి ఉండగలిగినవాళ్ళ ముందే నిలబడ్డారు. బూటకం అనే మాట నాకు దానికి సరిపోదనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోతే తప్పక మళ్ళీ రాయండి.

'పర్షియన్లు' కూడా ఇలాంటిదే. సాలమిస్ సముద్రయుద్ధం 480లో. ఎనిమిదేళ్ళకే, తమ నగరాన్ని తగలబెట్టిన శత్రువు ఇంట్లోని ముసలి మంత్రులుగా ఏథెన్స్ పౌరులు మాస్కులు పెట్టుకుని, చచ్చిపోయిన పర్షియా వీరుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ ఏడ్చారు.

ప్రశ్న: కామెడీల్లోనూ కోరస్ ఉండేదా? (ఇంటర్ విద్యార్థి)

ఉండేది బాబూ, 24 మంది. అరిస్టోఫెనీస్ నాటకాల్లో పక్షులు, కందిరీగలు, మేఘాలు కూడా కోరసే. మధ్యలో కథ ఆపేసి నేరుగా ప్రేక్షకులతో మాట్లాడేవారు. 405లో 'కప్పలు' నాటకంలో అలా మాట్లాడుతూ, హక్కులు పోగొట్టుకున్న పౌరులను క్షమించమని ఊరికి సలహా ఇచ్చారు. ఆ సలహా నచ్చే నాటకాన్ని రెండోసారి ఆడించారని ప్రాచీన వ్యాఖ్యానం.

ప్రశ్న: జనం ఆ పాటలను నిజంగా పట్టించుకునేవారా? ఇప్పుడు వాటి బాణీలు దొరుకుతాయా? (సంగీత ఉపాధ్యాయిని)

బాణీలు దాదాపు అన్నీ పోయాయి. జంట సన్నాయి లాంటి వాద్యం వాయించేవాడు ఒక్కడే తోడు. వియన్నాలో ఒక చిరిగిన పాపిరస్ ముక్క ఉంది, 200 ప్రాంతంది. యూరిపిడీస్ 'ఒరెస్టిస్'లోని కోరస్ పాట కొన్ని పంక్తులు, పైన స్వర సంకేతాలతో సహా అందులో ఉన్నాయి. అరచేతిలో పట్టేంత రాత. అది చూసి పాడేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు.

జనం పట్టించుకున్నారా అంటే, ప్లూటార్క్ చెప్పిన ఈ సంగతి వినండి. 404లో ఏథెన్స్ స్పార్టాకు లొంగిపోయింది. నగరాన్ని నేలమట్టం చేసి గొర్రెల బీడుగా వదిలేయాలని గెలిచినవాళ్ళలో ఒక థీబ్స్ మనిషి ప్రతిపాదించాడు. ఆ తర్వాత సేనానులు విందుకు కూర్చున్నారు. ఫోకిస్ నుంచి వచ్చిన ఒకడు యూరిపిడీస్ 'ఎలెక్ట్రా'లో కోరస్ మొదట పాడే పాట అందుకున్నాడు. అగమెమ్నాన్ కూతురా, నీ పల్లె గుమ్మానికి వచ్చాను అని మొదలవుతుంది అది. విన్నవాళ్ళ మనసు కరిగిపోయింది. ఇలాంటి మనుషులను కన్న ఊరిని నాశనం చేయడం ఘోరం అనుకున్నారట. ఏథెన్స్ నిలవడానికి రాజకీయ కారణాలు వేరే ఉన్నాయి, అవి నాకు తెలుసు. అయినా ఆ రాత్రి శత్రువుల విందులో ఎవరికో గుర్తొచ్చింది హీరో డైలాగు కాదు, కోరస్ పాట.

ప్రశ్న: మరి అంత గొప్ప కోరస్ ఎందుకు మాయమైంది? (పేరు రాయలేదు)

నటులు పెద్దవాళ్ళైపోయారు. 449 నుంచి విషాద నటులకు విడిగా బహుమతి పెట్టారు. సంగీతం కష్టమయ్యేకొద్దీ మామూలు పౌరుడు పాడేది తగ్గింది. అగథాన్ అనే కవి కథతో పనిలేని పాటలు మధ్యలో పెట్టడం మొదలెట్టాడని అరిస్టాటిల్ చెబుతాడు. కోరస్‌ను నటుల్లో ఒకరిగా చూడాలి, సొఫొక్లీస్ చేసినట్టు చేయాలి అని గట్టిగా రాశాడు కూడా. ఎవరూ వినలేదు. 316లో మెనాండర్ కామెడీ 'డిస్కొలోస్' వచ్చేసరికి పాట కూడా రాతప్రతిలో లేదు, అంకాల మధ్య "కోరస్ పాట" అని ఒక గుర్తు మాత్రం ఉంటుంది.

ప్రశ్న: మా బృందంలో కోరస్‌కు ఆరుగురే ఉన్నారు. చెయ్యవచ్చా? (యువజన నాటక బృందం)

నిశ్చింతగా చెయ్యండి. బాసెల్ మ్యూజియంలో 480 ప్రాంతపు కుండ ఒకటుంది, దాని మీద ఆరుగురు కుర్రాళ్ళు ఇద్దరిద్దరుగా మూడు వరసల్లో, చేతులు పైకెత్తి, ఒకే అడుగు వేస్తుంటారు. ఆ బొమ్మ చూసి మొదలుపెట్టండి. మాస్కులు ఆఖరి వారానికి దాచకుండా మొదట్లోనే ఇచ్చేయండి, తల మొత్తం కప్పేలా తేలిగ్గా బట్టతో చేయించండి. అద్దం ముందు ప్రాక్టీసు వద్దు, ఒకరి ఊపిరి ఒకరు వినడం ఎప్పటికీ రాదు. పాటలో ప్రతి మాటనూ ఆరుగురూ కలిసి అనక్కర్లేదు. కొన్ని పంక్తులు ఒక్కరికే ఇవ్వండి, ఎవరన్నారో ప్రేక్షకుడికి తెలియకపోయినా పర్లేదు. నటులు మాట్లాడుతున్నంతసేపూ కోరస్‌ను ఊరికే కూర్చోబెట్టకండి. వాళ్ళు వింటున్నట్టు మెడలో, భుజాల్లో కనిపించాలి. రిహార్సల్స్‌లో సగం టైమ్ ఆ వినడానికే కేటాయించండి.